కాలేయానికి కబురు చెప్పేదెవరు?

మాంసం తప్ప మరేమీ తినని కుక్క కాలేయంలో చక్కెర ఉంటుందా? ఉంటే ఆ చక్కెర ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఈ ప్రశ్న వేసుకున్నవాడు ఫ్రాన్సు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. చక్కెరను తయారు చేయడం మొక్కల పని, దాన్ని ఖర్చు పెట్టడం జంతువుల పని అని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు. 1848 లో బెర్నార్డ్, మాంసం మాత్రమే పెట్టి పెంచిన కుక్కను పరీక్షించాడు. కాలేయం నుంచి బయటికి వచ్చే రక్తంలో చక్కెర కనిపించింది! 1855 లో ఆయన మరో ప్రయోగం చేశాడు. కుక్క కాలేయాన్ని బయటికి తీసి, దాని రక్తనాళాల గుండా నీటిని ధారగా పంపి, చక్కెర జాడ కూడా లేకుండా కడిగేశాడు. మర్నాడు పరీక్షిస్తే అదే కాలేయంలో మళ్లీ చక్కెర ఉంది. అంటే కాలేయం దగ్గర చక్కెరగా మారే పదార్థమేదో నిల్వ ఉన్నదన్నమాట. 1857 లో ఆ పదార్థాన్ని వేరు చేసి దానికి గ్లైకోజన్ అని పేరు పెట్టాడు.

కాలేయం చక్కెరను దాచగలదు, తయారు చేయగలదు కూడా. మరి ఎప్పుడు దాచాలో, ఎప్పుడు తయారు చేయాలో దానికి ఎలా తెలుస్తుంది? మనం భోజనం చేశామో, పస్తున్నామో చూడడానికి దానికి కళ్లు లేవు. రుచి చూడడానికి నాలుక లేదు. అయినా ప్రతి పూటా సరిగ్గా తెలుసుకుంటుంది. తెలుసుకుని, తన కణాల్లోని జన్యువుల్లో కొన్నింటిని తెరుస్తుంది, కొన్నింటిని మూస్తుంది. ఆ కబురు దానికి ఎలా అందుతుందో ఈ నెల తెలుసుకుందాం.

ముందుగా ఒక చిన్న లెక్క

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఉదయం ఏమీ తినకముందు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 90 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుందనుకుందాం. అయితే మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజ్ ఎంత? 5 లీటర్లు అంటే 5000 మిల్లీలీటర్లు. లెక్క కడితే 4500 మిల్లీగ్రాములు, అంటే 4.5 గ్రాములు వస్తుంది. ఒక చిన్న చెంచాడు మాత్రమే!

ఇప్పుడు ఖర్చు చూడండి. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. గంటకు 5 గ్రాములు. రక్తంలోని చెంచాడు గ్లూకోజ్ మెదడుకు ఒక్క గంట కూడా చాలదు. రాత్రి 8 గంటలకు భోజనం చేసి ఉదయం 8 గంటలకు టిఫిను తినే మనిషి మెదడుకు ఆ 12 గంటల్లో 60 గ్రాములు కావాలి. అయినా తెల్లవారేసరికి రక్తంలో గ్లూకోజ్ దాదాపు అంతే ఉంటుంది. తీసిన కొద్దీ ఊరే చెలమలాగా, ఖర్చయిన కొద్దీ గ్లూకోజును రక్తంలోకి నింపుతున్నది కాలేయమే.

కాలేయం బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. అందులో కడుపునిండా తిన్న తరువాత సుమారు 100 గ్రాముల గ్లైకోజన్ ఉంటుంది. ఒక పగలూ రాత్రీ పూర్తిగా పస్తుంటే ఈ గాదె దాదాపు ఖాళీ అవుతుంది. ఆ తరువాత కొత్త గ్లూకోజును తయారు చేసుకోవలసిందే. దానికి ముడిసరుకులు కండరాల ప్రోటీన్ల నుంచి వచ్చే ఎమైనో ఆమ్లాలు, కొవ్వు నుంచి వచ్చే గ్లిసరాల్, కండరాలు వదిలిపెట్టే లాక్టిక్ ఆమ్లం. బెర్నార్డ్ కుక్కకు తినకుండానే చక్కెర వచ్చిన రహస్యం ఇదే. మాంసంలోని ప్రోటీన్ల నుంచి దాని కాలేయం చక్కెరను తయారు చేసింది.

ఈ తయారీకి ఎంజైములు కావాలి. ఎంజైములు ప్రోటీన్లు. ఏ ప్రోటీన్ తయారు కావాలన్నా దాని వివరం జన్యువులో ఉంటుంది. కాబట్టి మన కథ ఇక కణంలోపలికి పోవాలి.

అసలు ఒకటే, నకళ్లు వేరు

రిజిస్ట్రారు కచేరీలో ఆస్తుల దస్తావేజులు భద్రంగా ఉంటాయి. మీకు మీ పొలం వివరం కావాలంటే అసలు పుస్తకాన్ని ఇంటికి పంపరు. అవసరమైన పుటకు నకలు తీసి ఇస్తారు. మన కణంలో జరిగేదీ అంతే. కేంద్రకంలోని డి.ఎన్.ఎ. అసలు దస్త్రం. అది కేంద్రకం దాటి బయటికి రాదు. కావలసిన జన్యువుకు మాత్రం ఒక నకలు తయారవుతుంది. ఆ నకలే వార్తాహర ఆర్.ఎన్.ఎ. అది కేంద్రకం బయటికి వచ్చి రైబోసోములను చేరుతుంది. అక్కడ నకలులో ఉన్న ప్రకారం ప్రోటీన్ తయారవుతుంది. జన్యువు ఇలా నకలై, ప్రోటీనై పనిలోకి రావడాన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు.

మనిషి డి.ఎన్.ఎ. లో ప్రోటీన్ల వివరాలున్న జన్యువులు సుమారు 20,000. మీ కాలేయ కణంలోనూ, మీ వెంట్రుక మొదట్లో ఉన్న కణంలోనూ ఉన్న దస్త్రం ఒకటే. అయినా వెంట్రుక కణం పైత్యరసాన్ని తయారు చేయదు, కాలేయ కణం వెంట్రుకను మొలిపించదు. ఎందుకంటే ఏ కణంలో ఏ పుటలకు నకళ్లు తీయాలో వేరువేరుగా నిర్ణయమై ఉంటుంది.

ఆహారాన్ని బట్టి జన్యువులు తెరుచుకుంటాయని మొదట స్పష్టంగా చూపింది బాక్టీరియాలు. పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకు గ్లూకోజ్ లేకుండా పాలచక్కెరను మాత్రమే ఇస్తే, దాన్ని జీర్ణం చేసుకునే ఎంజైముల జన్యువులను తెరుస్తుంది. పాలచక్కెర లేకపోతే మూసేస్తుంది. ఫ్రాంస్వా జాకబ్, జాక్ మోనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1961 లో దీని వెనుక ఉన్న ఏర్పాటును వివరించారు. ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి వారు 1965 లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

బాక్టీరియాకు ఒకటే కణం. ఎదురుగా ఉన్న ఆహారాన్ని అది నేరుగా తాకి తెలుసుకుంటుంది. కోట్ల కోట్ల కణాలున్న మన శరీరంలో మాత్రం ఒక చోటి సంగతి మరో చోటికి చేరవేసే దూతలు కావాలి. ఆ దూతలే హార్మోనులు.

క్లోమం పంపే ఇద్దరు దూతలు

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉన్నది. దానిలోని లాంగర్‌హాన్స్ పుటికలు రెండు ముఖ్యమైన హార్మోనులను తయారు చేస్తాయి. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది. గ్లూకోజ్ తగ్గితే గ్లూకగాన్ ఎక్కువగా వస్తుంది. ఇన్సులిన్ తెచ్చే కబురు "అన్నం వచ్చింది, దాచిపెట్టు" అని. గ్లూకగాన్ తెచ్చే కబురు "అన్నం రాలేదు, ఇంట్లోది తీసి పంచు" అని.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. క్లోమం నుంచీ, పేగుల నుంచీ వచ్చే రక్తం నిర్వాహక సిర ద్వారా ముందుగా కాలేయానికే పోతుంది. అందువల్ల ఆహారమూ, దాన్ని గురించిన కబురూ రెండూ శరీరంలోని మిగిలిన భాగాలకంటే ముందు కాలేయానికే అందుతాయి.

కబురు అందగానే కాలేయం రెండు రకాలుగా స్పందిస్తుంది. మొదటిది తొందర పని. అప్పటికే తయారై ఉన్న ఎంజైములను క్షణాల్లో, నిమిషాల్లో చురుకు చేయడమో, నెమ్మదింపచేయడమో జరుగుతుంది. రెండవది నిదానమైన పని. జన్యువులను తెరిచి కొత్త ఎంజైములను తయారు చేయడం, లేదా మూసి పాతవి తరిగిపోనివ్వడం. దీనికి అరగంట నుంచి కొన్ని గంటలు పడుతుంది. కొట్లో ఉన్న సరుకును అప్పటికప్పుడు అమ్మడం మొదటిదైతే, రేపటికి కావలసిన సరుకును తెప్పించడం రెండవది.

గుమ్మం దగ్గరి నుంచి కేంద్రకం దాకా

గ్లూకగాన్ కాలేయ కణంలోపలికి పోదు. గుమ్మం దగ్గరే ఆగుతుంది. కణత్వచం మీద దానికోసమే ఉన్న గ్రాహకాన్ని తాకుతుంది. అప్పుడు కణంలోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అనే చిన్న అణువులు పుట్టుకొస్తాయి. బయటి దూత తెచ్చిన కబురును లోపలికి మోసే రెండవ దూతలు ఇవి. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండ్ వీటిని కనుగొన్నది కాలేయం మీద చేసిన ప్రయోగాల్లోనే. ఆయనకు 1971 లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సైక్లిక్ ఎ.ఎం.పి. తయారయ్యేది ఎ.టి.పి. నుంచి. ఆ ఎ.టి.పి. ని 1929 లో కండరాల నుంచి వేరు చేసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

సైక్లిక్ ఎ.ఎం.పి. పెరగగానే ఒక ఎంజైము మేలుకుని, కేంద్రకంలోని క్రెబ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఏ జన్యువుకు నకలు తీయాలో ఉత్తర్వు వేసే ప్రోటీన్లను నియంత్రక ప్రోటీన్లు అందాం. క్రెబ్ అటువంటిది. ఫాస్ఫేటు తగలగానే అది గ్లూకోజ్ తయారీకి కావలసిన జన్యువుల నకళ్లు తీయిస్తుంది. వాటిలో ముఖ్యమైనది ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సీకైనేజ్ అనే ఎంజైము జన్యువు. నోరు తిరగని పేరు కదూ! శాస్త్రజ్ఞులు కూడా దాన్ని పెప్‌సీకే అని పొట్టిగా పిలుస్తారు.

ఇన్సులిన్ కూడా గుమ్మం దగ్గరే ఆగుతుంది. దాని కబురు గొలుసుకట్టుగా ఒక ప్రోటీన్ నుంచి మరొక ప్రోటీన్‌కు అందుతుంది. చివరికి ఫాక్సో-1 అనే నియంత్రక ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగులుతుంది. పస్తున్నప్పుడు ఫాక్సో-1 కేంద్రకంలో కూర్చుని పెప్‌సీకే వంటి జన్యువులను తెరిచి ఉంచుతుంది. ఫాస్ఫేటు తగలగానే దాన్ని కేంద్రకం బయటికి పంపేస్తారు. ఉత్తర్వు వేసేవాడు లేకపోతే నకలు రాదు. ఇక్కడ ఒక వింత చూడండి. క్రెబ్‌కు ఫాస్ఫేటు తగిలితే పని మొదలవుతుంది. ఫాక్సో-1 కు తగిలితే పని ఆగుతుంది. ఫాస్ఫేటు ఒకటే. అది ఎవరికి తగిలిందనేదే ముఖ్యం.

జన్యువును మూసినంత మాత్రాన ఎంజైము వెంటనే మాయం కాదు. ఎలుక కాలేయంలో పెప్‌సీకే నకళ్లలో సగం సుమారు అరగంటలో చెరిగిపోతాయి. ఎంజైము సగం కావడానికి సుమారు 6 గంటలు పడుతుంది. నకళ్లు ఇంత త్వరగా చెరిగిపోవడం వృథా అనిపించవచ్చు. కాని అలా చెరిగిపోతేనే ప్రతి భోజనానికీ కొత్త నిర్ణయం తీసుకోవడం వీలవుతుంది.

కార్టిసాల్ అనే హార్మోను మార్గం వేరు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు దీన్ని తయారు చేస్తాయి. ఇది కొవ్వులో కరిగే స్వభావం గలది కాబట్టి కణత్వచాన్ని దాటి లోపలికే పోతుంది. లోపల తన గ్రాహకాన్ని కలుసుకుని, దానితోపాటు కేంద్రకంలోకి పోయి, నేరుగా డి.ఎన్.ఎ. మీదనే కూర్చుంటుంది. పస్తున్నప్పుడు గ్లూకగాన్‌కు ఇది తోడు నిలుస్తుంది.

ఆహారం తానే మాట్లాడితే

ఇంతవరకు హార్మోనులు తెచ్చే కబుర్లు చూశాం. ఆహారం హార్మోనుతో పని లేకుండా నేరుగా కూడా జన్యువులతో మాట్లాడుతుంది. గ్లూకోజ్ ఎక్కువగా లోపలికి వచ్చినప్పుడు కాలేయ కణంలో ఒక ప్రత్యేక నియంత్రక ప్రోటీన్ మేలుకుంటుందని 2001 లో అమెరికాలోని డల్లాస్ నగరంలో కొసాకు ఉయేదా బృందం తెలిపింది. అది పిండి పదార్థాలను కొవ్వుగా మార్చే ఎంజైముల జన్యువులను తెరుస్తుంది. ఇన్సులిన్ మేలుకొలిపే స్రెబ్-1సి అనే మరో ప్రోటీన్ కూడా అదే పని చేయిస్తుంది. రెండూ కలిస్తే, గాదె నిండగా మిగిలిన గ్లూకోజ్ కొవ్వుగా మారుతుంది. నెయ్యి, నూనె ముట్టకపోయినా, అన్నం, తీపి పదార్థాలు అతిగా తింటే కొవ్వు పెరిగేది ఇందువల్లనే.

పస్తున్నప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. శరీరంలోని కొవ్వు కరిగి, కొవ్వు ఆమ్లాలు కాలేయానికి వస్తాయి. అవి పిపార్-ఆల్ఫా అనే ప్రోటీన్‌ను పట్టుకుని మేల్కొల్పుతాయి. అది కొవ్వును కాల్చే ఎంజైముల, కీటోన్లను తయారుచేసే ఎంజైముల జన్యువులను తెరుస్తుంది. పస్తు రోజుల తరబడి సాగినప్పుడు మెదడు ఈ కీటోన్లతో కాలం గడుపుకొస్తుంది.

భోజనం వేళ కూడా ఒక కబురే. ఎలుకలు రాత్రిపూట తిరిగి తినే జంతువులు. చిట్టెలుకలకు పగలు మాత్రమే తిండి పెడితే, వాటి కాలేయంలోని జన్యువులు తెరుచుకునే వేళలు తలకిందులయ్యాయి. మెదడులోని గడియారం మాత్రం పాత వేళల్లోనే నడిచింది. 2000 లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రకటించారు. మెదడు వెలుతురును చూసి కాలం తెలుసుకుంటే, కాలేయం భోజనాన్ని చూసి తెలుసుకుంటుందన్నమాట.

పుట్టిన నాటి మొదటి పరీక్ష

తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు గ్లూకోజ్ బొడ్డుతాడు ద్వారా నిరంతరం అందుతుంది. బొడ్డు కోసిన క్షణంలో ఆ సరఫరా ఆగిపోతుంది. బిడ్డ రక్తంలో గ్లూకోజ్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ పెరుగుతుంది. ఎలుక పిల్లల్లో చూస్తే, పుట్టకముందు దాదాపు మూతపడి ఉన్న పెప్‌సీకే జన్యువు పుట్టిన కొద్ది గంటల్లోనే తెరుచుకుంటుంది. ఆ కొద్ది గంటలూ గట్టెక్కడానికే కాలేయంలో కొంత గ్లైకోజన్ ముందే నిల్వ అయి ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ నిల్వ తక్కువ. అందుకే వైద్యులు అటువంటి బిడ్డ రక్తంలో గ్లూకోజును జాగ్రత్తగా కనిపెట్టి చూస్తారు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంలోని మేలు ఇప్పుడు మీకు మరింత బాగా అర్థమవుతుంది.

మరొక విశేషం ఉంది. ఎలుక పాలలో కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం తక్కువ కాబట్టి, ఎక్కువ గ్లూకోజును పట్టి ఉంచే గ్లూకోకైనేజ్ అనే ఎంజైము పాలు తాగే ఎలుక పిల్లల కాలేయంలో మొదట ఉండదు. పుట్టిన రెండు వారాల తరువాత, పాలు మాని గింజలు తినడం మొదలుపెట్టే దశలో అది కనిపిస్తుంది. ఆహారం మారే వేళకు కాలేయం కూడా సిద్ధమవుతున్నది!

కబురు అందకపోతే?

ఇన్సులిన్ తయారుచేసే కణాలు నశించాయనుకోండి. రక్తంలో గ్లూకోజ్ నిండుగా ఉన్నా "అన్నం వచ్చింది" అనే కబురు కాలేయానికి చేరదు. దానికి వినిపించేది గ్లూకగాన్ గొంతు ఒక్కటే. ఫాక్సో-1 కేంద్రకంలోనే ఉండిపోతుంది. పెప్‌సీకే జన్యువు తెరిచే ఉంటుంది. పొంగుతున్న చెరువులోకి మరో కాలువ నీళ్లు వదిలినట్టు కాలేయం ఇంకా ఇంకా గ్లూకోజును రక్తంలోకి పోస్తూనే ఉంటుంది. కండరాలు కరిగిపోతాయి, కీటోన్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. మొదటి రకం మధుమేహం ఇదే. ఒకప్పుడు ఇది వచ్చిన పిల్లలు బతికేవారు కాదు.

1922 జనవరి 11 న కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి, బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన క్లోమపు రసాన్ని మొదటిసారి సూదిమందుగా ఇచ్చారు. అది ఆశించినంత పని చేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని మరింత శుద్ధి చేశాక, జనవరి 23 న మళ్లీ ఇచ్చారు. ఈసారి కుర్రవాడు తేరుకున్నాడు. అతడు మరో 13 ఏళ్లు బతికాడు. అతని కాలేయానికి కావలసిన కబురు సూది ద్వారా అందిందన్నమాట. మీ తరగతిలో ఇన్సులిన్ సూదిమందు తీసుకునే స్నేహితులెవరైనా ఉంటే, అది తీపి తిన్నందువల్ల వచ్చిన జబ్బు కాదనీ, ఎవరినుంచీ అంటుకునేది కాదనీ తెలుసుకోండి. ఆ సూదిమందు వారికి అన్నమంత అవసరం.

రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉంటుంది, కాని కాలేయం ఆ కబురును సరిగా వినిపించుకోదు. అందులోనూ ఒక చిక్కు ఉంది. "గ్లూకోజ్ తయారీ ఆపు" అన్న సగాన్ని పెడచెవిన పెడుతుంది. "కొవ్వు తయారుచేయి" అన్న సగాన్ని మాత్రం పాటిస్తుంది. దాంతో రక్తంలో గ్లూకోజూ పెరుగుతుంది, కాలేయంలో కొవ్వూ పేరుకుంటుంది. ఒకప్పుడు పెద్దవారిలోనే ఎక్కువగా చూసిన కాలేయపు కొవ్వు జబ్బును ఇప్పుడు బడి వయసు పిల్లల్లో కూడా వైద్యులు చూస్తున్నారు. 300 మిల్లీలీటర్ల తీపి పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజ్. దానిలో ఎక్కువ భాగాన్ని సర్దుకోవలసింది కాలేయమే. రోజూ ఇవి తాగుతూ, ఆటలు మానేస్తే, కొవ్వు తయారుచేసే జన్యువులకు విశ్రాంతి ఉండదు.

తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులను మనం మార్చుకోలేం. మనం తినే అన్నం కూడా వాటిలోని అక్షరాలను మార్చదు. వాటిలో దేనికి, ఎప్పుడు, ఎన్ని నకళ్లు తీయాలో మాత్రం మన కంచంలో ఉన్నదీ, మనం తినే వేళా, వాటిని బట్టి కదిలే హార్మోనులూ కలిసి పూటపూటా నిర్ణయిస్తున్నాయి.

ఆలోచించి జవాబులు రాయండి

1. కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదలడానికి చివరి మెట్టులో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కావాలి. కండరాల్లో అది లేదు. అయితే కండరాల్లోని గ్లైకోజన్ మెదడుకు నేరుగా ఉపయోగపడుతుందా?

2. పెప్‌సీకే నకళ్లలో సగం అరగంటకొకసారి చెరిగిపోతాయి. జన్యువు మూతపడిన రెండు గంటల తరువాత నూటికి ఎన్ని నకళ్లు మిగులుతాయి?

3. ఇన్సులిన్ కణత్వచం దగ్గరే ఆగుతుంది, కార్టిసాల్ లోపలికి పోతుంది. ఈ తేడాకు కారణమేమిటి?

4. పగలంతా ఉపవాసం ఉన్నవారి కాలేయంలో సాయంత్రానికి ఏ జన్యువులు తెరిచి ఉంటాయి? భోజనం చేసిన రెండు గంటల తరువాత ఏమి మారుతుంది?